బంజరని రాసిన చోట నీళ్లు

సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బకు లోపలి వైపు రెండు మూడడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. కెరటం విరిగే చప్పుడు వినిపించేంత దగ్గరే అయినా ఆ నీళ్లు ఉప్పగా ఉండవు. కోస్తా పల్లెల్లో దాన్ని చెలమ అంటారు. ముందుగా ఊరిన మడ్డినీళ్లు తోడి పారబోసి, ఇసుక అడుక్కి దిగేదాకా ఆగి, చిప్పతో పైపైన ముంచి బిందె నింపుకోవాలి. ఆత్రపడి ఇంకా లోతుకు తవ్వినా, గబగబా తోడేసినా కాసేపటికి ఉప్పు తగులుతుంది. ఇక ఆ చెలమను వదిలేసి పక్కకు జరగాల్సిందే. పంపులు, కుళాయిలు రాకముందు పల్లెకార ఇళ్లలో ఆడవాళ్లకు ఇది పొయ్యి వెలిగించినంత మామూలు పని. తీరంలో మంచినీళ్ల గురించి తెలుసుకోవలసిన శాస్త్రం చాలావరకు ఆ గుంటలోనే ఉంది.

ఆ శాస్త్రాన్ని లెక్కలోకి తెచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు 1880ల చివర్లో హాలండ్ ఇంజనీరు బాడన్ గైబెన్, మరొకరు 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బర్గ్. లీటరు మంచినీళ్లు కిలో తూగితే లీటరు సముద్రపు నీళ్లు ఇంచుమించు 1,025 గ్రాములు తూగుతాయి. ఆ పాతిక గ్రాముల తేడా వల్లే ఇసుకలోకి ఇంకిన వాననీరు కిందున్న ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. నేలలో నీటిమట్టం సముద్రమట్టానికి ఒక మీటరు పైన నిలిస్తే, దాని కింద దాదాపు నలభై మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుందని వాళ్ల సూత్రం. ఈ సూత్రాన్ని తిరగేసి కూడా చదవాలి. పైన ఒక్క మీటరు తగ్గితే, కాలక్రమంలో అడుగు నుంచి ఉప్పు నలభై మీటర్లు పైకి రాగలదు. నేల పొరలు ఊరూరికీ మారతాయి కాబట్టి అంకె అన్నిచోట్లా అచ్చంగా సరిపోదు. తగ్గిన దానికి ఎన్నో రెట్లు ఉప్పు ఎక్కుతుందన్నది మాత్రం ఎక్కడైనా నిజమే. అందువల్ల దిబ్బను తవ్వి ఇసుక అమ్ముకున్నా, తడినేలను పూడ్చి ప్లాట్లు వేసినా పోయేది భూమి ఒక్కటే అనుకుంటే పొరపాటు. తీరంలో నేలే చెరువు. గట్టూ తూమూ కనపడవు గనక అది చెరువని ఏ కాగితంలోనూ రాసి ఉండదు. మంచినీళ్ల కోసం చేసే ఉద్యమం వేరు, తీర భూముల కోసం చేసే ఉద్యమం వేరు అనుకున్నంత కాలం మనం రెంటిలోనూ ఓడిపోతాం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

కాగితాల సంగతి తేలిగ్గా తీసుకోవడానికి లేదు. మన రెవెన్యూ లెక్కలు శిస్తు కోసం పుట్టినవి. శిస్తు రాని నేలకు వాటిలో మంచి పేరు దొరకదు. ఇసుక దిబ్బ పోరంబోకు అవుతుంది, పోటు నీరు ఎక్కి దిగే పర్ర బంజరు అవుతుంది, ఏడాదిలో సగం రోజులు మోకాలి లోతు నీళ్లుండే తంపర కూడా సాగుకు పనికిరాని భూమి కింద జమ అవుతుంది. ఆంధ్రప్రదేశ్ తీరం పొడవు 974 కిలోమీటర్లని చిన్నప్పటి నుంచి చదువుకున్నాం. ఈ మధ్య ఒడ్డు వంపులన్నీ లెక్కగట్టి కొలిస్తే అది 1,053 కిలోమీటర్లని తేలింది. వంపుల్ని కొలవడం నేర్చుకున్నాం గాని, ఆ వంపుల వెనకున్న నేల ఎన్ని ఊళ్లకు నీళ్లు పడుతోందో రాసుకునే గడి మాత్రం అడంగల్‌లో ఇప్పటికీ లేదు. ఒక ఫ్యాక్టరీకో రేవుకో భూమి చూడమని పై నుంచి మాట రాగానే కార్యాలయంలో ముందుగా తెరిచేది ఈ బంజరు జాబితానే. దానికి అధికారిది దుర్బుద్ధే అయి ఉండనక్కర్లేదు. జాబితా ఏం చెబితే ఆయన అదే చూస్తాడు.

శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి బీల కథ ఇలాగే మొదలైంది. బీల అంటే అక్కడి మాటలో నీళ్లు నిలిచే పల్లపు నేల. ఎగువన పడ్డ వాన అక్కడికి చేరి, కొంత సముద్రంలోకి జారి, కొంత నిలిచి, కొంత ఇంకుతుంది. చుట్టూ వరి, అంచుల్లో కొబ్బరి, జీడిమామిడి, నీళ్లలో చేపలూ జమ్మూ, వేసవిలో పశువులకు పచ్చిక. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టాలని నిర్ణయించినప్పుడు పై కాగితాల్లో ఇవేవీ సరిగా కనపడలేదు. రైతులు, మత్స్యకారులు, స్థానిక డాక్టర్లు, టీచర్లు కలిసి రిలే దీక్షలకు కూర్చున్నారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ఆ వారంలోనే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ప్రాజెక్టుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. చాలామందికి గుర్తున్నది కాల్పులే. అనుమతి రద్దు కావడం వెనక మరో పని ఉంది. ఆ నేల బంజరు కాదు, తడినేల అని కాగితం మీద నిరూపించడం, అధికారుల వివరణకూ కళ్లెదుట ఉన్నదానికీ తేడాను అప్పీలులో పెట్టడం. ఆ వాదనకు వరుసగా ఉత్తరాలు రాస్తూ అండగా నిలిచినవాళ్లలో ఇ.ఎ.ఎస్. శర్మ ఒకరు. ఆయన కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన మనిషి. కరెంటు వద్దని చెప్పే రకం అనడానికి వీల్లేదు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న అదే జిల్లాలో కాకరాపల్లి దగ్గర మరో విద్యుత్ కేంద్రం విషయంలో మళ్లీ కాల్పులు జరిగి మళ్లీ ప్రాణాలు పోయాయి. అక్కడా గొడవ తంపర భూముల మీదే. జాబితాలో ఆ నేలల పేర్లు ముందే మారి ఉంటే ఈ రెండు చోట్లా తుపాకుల దాకా వచ్చేదేనా అన్న ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

సోంపేటలో శత్రువు బయటివాడు కాబట్టి ఊళ్లన్నీ ఒక్కటయ్యాయి. కొల్లేరులో ఆ సౌకర్యం లేదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏర్లూ, డెల్టా మురుగు కాలువలూ దిగుతాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న తడినేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. అప్పటికే సరస్సు కడుపు నిండా చేపల చెరువుల గట్లు. ఆ గట్లకు నాంది పలికింది 1970ల్లో మత్స్యకార సంఘాలకు చెరువులు ఇచ్చిన ప్రభుత్వమే. తరువాత పెట్టుబడి ఉన్నవాళ్లు కౌలు పేరుతో లోపలికి వచ్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో వాటిని పేల్చేశారు. కొన్నాళ్లకు గట్లు మళ్లీ లేచాయి. ఇక్కడ ఒక్కో ఊరిది ఒక్కో న్యాయం. సరస్సు లోపలివాళ్లు ‘మా బతుకు చెరువు మీదే, మా జిరాయితీ భూమికి పరిహారం ఏది’ అంటారు. ఎగువ రైతు ‘గట్లు అడ్డుపడి నా వరి మునుగుతోంది’ అంటాడు. ఉప్పుటేరు దిగువన ఉన్నవాడి బాధ వేరు. సరస్సులో నీరు తగ్గిన నెలల్లో పోటు ఎగదన్ని ఉప్పు లోపలికి నడుస్తుంది. ముగ్గురు చెప్పేదీ నిజమే. ఏ ఒక్క ఊరి తీర్మానంతోనూ ఇది తెగదు. అభయారణ్యాన్ని ఐదో కాంటూరు నుంచి మూడుకు కుదించాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో కుదించవద్దని చెప్పింది. అయినా ప్రతి ఎన్నికలకూ ఆ డిమాండ్ తేలుతూనే ఉంది. ఎందుకంటే కుదించాలనేవాళ్లకు సంఘం ఉంది, ఓట్ల లెక్క ఉంది. ఎగువ వాగు నుంచి మొగ దాకా ఉన్న ఊళ్లన్నిటి తరఫునా నీళ్ల లెక్క చెప్పే సంఘం మాత్రం లేదు. ప్రాంతీయ ఉద్యమం అంటే నా దృష్టిలో ఆ లోటు పూడ్చేది. పంచాయతీ హద్దు మీద కాకుండా నీళ్ల దారి మీద కట్టుకున్న సంఘం అది.

కోర్టులున్నాయి కదా, సంఘాలెందుకు అని అడగవచ్చు. దానికి జవాబు తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ గెలిచిన కేసులోనే ఉంది. తీరంలో రొయ్యల చెరువుల వల్ల తాగునీరు ఉప్పెక్కుతోందని, పొలాలు చవుడు తేలుతున్నాయని ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. కోర్టు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రజ్ఞుల్ని తీరానికి పంపింది. వాళ్లు చూసిన తీరంలో మన రాష్ట్రమూ ఉంది. 1996 డిసెంబర్ 11న వచ్చిన తీర్పు తీర నియంత్రణ మండలంలోని వాణిజ్య రొయ్యల చెరువుల్ని 1997 మార్చి 31లోగా తొలగించమంది. పంటభూములు, ఉప్పుమడులు, మడ అడవులు, తడినేలలు, ఊరి ఉమ్మడి భూములు రొయ్యల చెరువులుగా మారకూడదంది. చదివితే ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. కానీ తొలగింపు ముందుకు సాగలేదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, ఒడ్డు నుంచి 200 మీటర్ల లోపల లైసెన్సు లేదంటూనే మిగతా చోట్ల రిజిస్ట్రేషన్ దారి తెరిచింది. 2009లో వెనామీ రొయ్య వచ్చింది. తక్కువ ఉప్పులోనూ పెరిగే రకం కావడంతో చెరువులు ఒడ్డును వదిలి వరిపొలాల్లోకి నడిచాయి. లోతు బోర్లు వేసి, దొరికిన ఉప్పునీటిని పైకి తోడి, మంచి పొలాల మధ్యన పోసుకున్నారు. బాడన్ గైబెన్ ఊహించని ఘనకార్యం ఇది. ఉప్పు కింది నుంచి ఎక్కేదాకా ఎవరు ఆగుతారు? తీర్పు చెప్పిన జడ్జి ఊరి బావి దగ్గర కాపలా ఉండలేడు. కాపలా ఉండాల్సినవాళ్లు ఊళ్లో ఉండాలి.

ఇక్కడే అసలు అభ్యంతరం ఎదురవుతుంది, దాన్ని పక్కకు నెట్టేయకూడదు. దేశంలో సాగయ్యే రొయ్యల్లో నాలుగింట మూడు వంతుల దాకా ఆంధ్రప్రదేశ్‌వే. వరి గిట్టక, కౌలు కట్టలేక చెరువు తవ్వినవాడు ఏదో పాపం చేశాడన్నట్టు మాట్లాడే పట్నం పర్యావరణవాదం నాకూ నచ్చదు. సీడు, మేత, ఐసు, రవాణా, షెడ్లలో తలలు వలిచే ఆడవాళ్లు, ఇలా ఒక్కో చెరువు మీద ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి. అయితే ఆ లాభం లెక్కలో ఒక ఖర్చు రాయడం లేదు. పట్టుబడి అయ్యాక చెరువు నీళ్లు మేత అడుగు, మందుల అడుగుతో సహా ఏ డ్రెయిన్‌లోకి వెళుతున్నాయి? ఆ డ్రెయిన్ నీళ్లే కింది చెరువువాడు మళ్లీ తోడుకుంటాడు, రోగం కూడా అలాగే నడుస్తుంది. 1990ల మధ్యలో తెల్లమచ్చ రోగం టైగర్ రొయ్యను తుడిచిపెట్టిన సంగతి పాత రైతులు మరిచిపోలేదు. 2025లో అమెరికా సుంకాలు పెంచగానే ఇక్కడ ధర జారింది. అంత దూరపు సంతను నమ్ముకున్న సాగు ఏదో ఒక ఏడు మానుకోవలసి వస్తే, ఉప్పు తాగిన పొలం మళ్లీ వరికి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో, దాని పక్క బావి ఎన్నాళ్లకు తేరుకుంటుందో ఆలోచించాలి. అందుకని రొయ్యను వెళ్లగొట్టాలని నేననడం లేదు. ఎక్కడ వేయాలో మండలాలుగా గీసి, వదిలే నీటిని నిలవబెట్టి శుద్ధి చేయించి, మంచినీటి చెరువులకూ ఇసుక దిబ్బలకూ దూరం పాటించమనడం రొయ్యల రైతుకే మేలు. శుభ్రమైన నీళ్లు లేనిదే రొయ్య కూడా బతకదు.

రెండో అభ్యంతరం డబ్బున్నవాళ్లది. ఆర్‌వో ప్లాంట్లున్నాయి, సముద్రపు నీళ్లనే మంచినీళ్లు చేస్తున్నారు, ఈ బీలల కోసం కొట్లాట ఎందుకని. డెల్టా పల్లెల్లో ఇప్పటికే ఇరవై లీటర్ల టిన్ను నీళ్లు ఇంటింటికీ నడుస్తున్నాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నూట డెబ్బై ఏళ్లు దాటింది, కాలువ గుమ్మం ముందే పారుతుంది, తాగేది మాత్రం కొన్న నీళ్లు. ఆర్‌వో యంత్రం తోడిన నీళ్లలో చాలా భాగాన్ని మరింత ఉప్పగా చేసి మళ్లీ మురుగులోకే వదులుతుంది. పెద్ద ఎత్తున చూడాలంటే చెన్నైకి ఉత్తరాన ఉన్న మీంజూరు ప్రాంతం ఉంది. నగరానికీ పొలాలకూ దశాబ్దాల పాటు భూగర్భ జలాన్ని తోడేయడంతో అక్కడ సముద్రం నేల కింద నుంచి కిలోమీటర్ల కొద్దీ లోపలికి చొచ్చుకొచ్చింది. ఇది 1960ల నుంచే తెలిసిన విషయం. చివరికి 2010లో ఆ ప్రాంతపు ఒడ్డునే రోజుకు పది కోట్ల లీటర్ల సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటు పెట్టారు. వాన ఉచితంగా నింపిన చెరువును పాడుచేసి, అదే చోట కరెంటు పోసి నీళ్లు వండుకుంటున్నారన్నమాట. ఆ నగరానికి తెలుగు గంగ కాలువ మీదుగా మన కృష్ణ నీళ్లు కూడా వెళుతున్నాయి. చెన్నై అంతటి ఊరికి ఆ స్థోమత ఉంది. భావనపాడుకో, నిజాంపట్నానికో, కోనసీమ చివరి లంకకో ఆ ఖర్చు ఎవరు పెడతారు?

చట్టం తీరుతెన్నులు చూస్తే తొందర ఎందుకో అర్థమవుతుంది. కెరటం తాకే హద్దు నుంచి 500 మీటర్ల దాకా ఒడ్డును ఖాళీగా ఉంచండని 1981లో ఇందిరాగాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఉత్తరం రాశారు. పదేళ్లకు, 1991 ఫిబ్రవరిలో, అది తీర నియంత్రణ మండలం నోటిఫికేషన్ అయింది. 2011లో దాన్ని మార్చారు, 2019లో మళ్లీ మార్చారు. ఇప్పుడు చదరపు కిలోమీటరుకు 2,161 మంది దాటిన పల్లె తీరాల్లో కట్టడాలు కూడని మేర 200 మీటర్ల నుంచి 50కి తగ్గిపోయింది. తడినేలల రక్షణకు 2017లో వచ్చిన నియమాలు వరిపొలాలనూ, తాగునీటి కోసం మనిషి తవ్విన చెరువులనూ, చేపల చెరువులనూ, ఉప్పుమడులనూ లెక్కలోంచి తీసేశాయి. డెల్టాలో వీటిని తీసేస్తే మిగిలేది ఎంత? మరోవైపు ఊరి ఉమ్మడి భూముల్ని, చెరువుల్ని ఎవరికీ కట్టబెట్టకూడదని 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన మాటా ఉంది. అంటే ఆయుధమూ చట్టంలోనే ఉంది, గండీ చట్టంలోనే ఉంది. ఫ్రాన్స్ 1975లో తీర పరిరక్షణకు ఒక ప్రభుత్వ సంస్థను పెట్టి ఒడ్డు భూముల్ని కొనడం మొదలుపెట్టింది. అలా చేరిన భూమిని తిరిగి అమ్మడానికి లేదు. ఇప్పుడు ఆ సంస్థ కింద రెండు లక్షల హెక్టార్లకు పైగా ఉన్నాయి. అక్కడ డబ్బు పెట్టి కొనాల్సి వచ్చింది. మన బీలలూ పర్రలూ చాలావరకు ప్రభుత్వానివే. కొనక్కర్లేదు, ఇవ్వకుండా ఉంటే చాలు.

ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది పెద్ద చిక్కు ప్రశ్నేమీ కాదు. ఊళ్లో రెండు బావులు, ఒక బోరు ఎంచుకుని నెలనెలా నీటిమట్టం, నీళ్లలో కరిగిన ఉప్పు కొలిచి పుస్తకంలో రాయాలి. చేతిలో పట్టే మీటరు చౌకగానే దొరుకుతుంది. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దిక్కు లేనప్పుడు 2,000 దాకా సరిపెట్టుకోవచ్చని మన జాతీయ ప్రమాణం. ఐదేళ్ల అంకెలున్న ఊరు చెప్పే మాటకు, ఆవేశం మాత్రమే ఉన్న ఊరు చెప్పే మాటకు విచారణలో ఎంత తేడా ఉంటుందో సోంపేటను చూస్తే తెలుస్తుంది. తీర నియంత్రణ మండలం పటం ముసాయిదా బయటికి వచ్చినప్పుడు మన దిబ్బ, మన తంపర అందులో ఏ రంగులో ఉన్నాయో చూసి అభ్యంతరం రాయాలి. ప్రాజెక్టు మీద ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు తెలుగు పత్రికలో ప్రకటన వేయాలి, నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. రెండూ 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ఇచ్చిన హక్కులు. అన్నీ దాటి అనుమతి వచ్చేసినా చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి తలుపు తట్టవచ్చు. గడువు ఉత్తర్వు తెలిసిన నాటి నుంచి 30 రోజులు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మరో 60. తొంభై ఒకటో రోజున వెళితే ఎంత మంచి కేసైనా తీసుకోరు.